కాంప్లెక్స్ మీటింగ్‌లో అనుకున్నది తరగతిలో కనిపించాలంటే: బోధన, ఫీడ్‌బ్యాక్, సిలబస్ సమీక్షకు సమగ్ర మార్గదర్శి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల స్కూల్ కాంప్లెక్స్ (దగ్గర్లోని కొన్ని బడుల గుంపు) హెచ్‌ఎంలు, సీఆర్‌ఎంటీలు (ఆ బడులన్నిటికీ తిరిగి సాయపడే క్లస్టర్ టీచర్లు), సబ్జెక్టు టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "నెలనెలా మీటింగ్ పెడుతున్నాం, మినిట్స్ రాస్తున్నాం, ఫొటోలు పంపుతున్నాం. సోమవారం తరగతిలో మాత్రం ఏమీ మారడం లేదు. ఎక్కడ తేడా వస్తోంది?"

తేడా చాలావరకు మీటింగ్ ముందు పది రోజుల్లో, మీటింగ్ తర్వాత పది రోజుల్లో ఉంటుంది. మీటింగ్ రోజు చేసేది అందులో చిన్న భాగమే. అందుకే ఇక్కడ ఆ ముందు, వెనకల గురించే ఎక్కువ రాశాం.

## 1. నెలకు ఒక్క సమస్యే పట్టుకోండి

అజెండాలో పన్నెండు అంశాలుంటే పన్నెండూ చదువుతారు, ఒక్కటీ జరగదు. నెలకు సబ్జెక్టుకు ఒక్కటే బోధన సమస్య పెట్టుకోండి. అది ఒక వాక్యంలో ఇమడాలి, అందులో తరగతి, అంశం, పిల్లలు చేయలేకపోతున్న పని మూడూ ఉండాలి.

పనికిరాని వాక్యం: "గణితంలో వెనుకబడిన పిల్లలపై ప్రత్యేక శ్రద్ధ."

పనికొచ్చే వాక్యం: "4వ తరగతి పిల్లలు మధ్యలో సున్నా ఉన్న సంఖ్యల తీసివేత చేయలేకపోతున్నారు."

రెండోది చూడగానే ఏ పేపర్లు తేవాలో, ఏ పాఠం చూపించాలో, వచ్చే నెల ఏం అడగాలో తెలిసిపోతుంది. మొదటిదాంతో ఉపన్యాసం తప్ప ఇంకేమీ చేయలేం.

## 2. పది రోజుల ముందు: పిల్లల రాతలు తెప్పించండి

మార్కుల జాబితా వద్దు. మార్కు తప్పు ఉందని చెబుతుంది, ఏ తప్పో చెప్పదు. కావాల్సింది పిల్లల చేతిరాతలో ఉన్న పేపర్లే.

- అన్ని బడుల్లో ఒకే చిన్న పరీక్ష: 5 లెక్కలు, 15 నిమిషాలు.
- లెక్క చేసిన తీరు కనబడాలి. చెరపొద్దని, తప్పయితే గీత కొట్టి పక్కన చేయమని పిల్లలకు ముందే చెప్పాలి.
- పేపర్ మీద పిల్లల పేర్లు వద్దు. బడికి ఒక అక్షరం, పిల్లవాడికి ఒక నంబరు చాలు.
- ఒక్కో బడి నుంచి 8 నుంచి 10 పేపర్లు. బాగా చేసేవాళ్లవి మూడు, మధ్యస్థం నాలుగు, మిగతావి వెనకబడినవాళ్లవి.

బాగా చేసేవాళ్ల పేపర్లే ఏరి పంపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. పేర్లు లేకపోతే, బడి పేరు కూడా బయటపడకపోతే ఆ అలవాటు దానంతట అదే తగ్గుతుంది. ఏ అక్షరం ఏ బడిదో సీఆర్‌ఎంటీ ఒక్కరికి తెలిస్తే చాలు.

ఏకోపాధ్యాయ పాఠశాలలో తరగతికి నలుగురైదుగురే ఉంటారు. అక్కడ అందరి పేపర్లూ తీసుకోండి.

## 3. మూడు రోజుల ముందు: ఒక్క పేజీ సమాచారం

పై నుంచి వచ్చిన ఉత్తర్వుల పీడీఎఫ్‌ను గ్రూపులోకి ఫార్వర్డ్ చేస్తే సమాచారం అందినట్టు కాదు. ఎవరూ పూర్తిగా చదవరు, మీటింగ్‌లో మళ్లీ అదే చదివి వినిపించాల్సి వస్తుంది. అరగంట అక్కడే పోతుంది.

ఒక ఏ4 కాగితంలో సరిపోయేలా మీరే తిరిగి రాయండి. ప్రతి విషయానికీ ఐదు జవాబులు ఉండాలి:

1. ఏం మారింది?
2. ఎవరికి వర్తిస్తుంది? (ఏ తరగతి, ఏ సబ్జెక్టు)
3. ఎప్పటి నుంచి?
4. టీచర్ చేయాల్సిన పని ఏమిటి?
5. సందేహం వస్తే ఎవరిని అడగాలి?

నాలుగో ప్రశ్నకు జవాబు లేని ఉత్తర్వు పేజీలో ఉండనక్కర్లేదు. ఫైల్లో పెట్టేసి ఊరుకోండి.

బోధన విషయాలకు వేరే వాట్సాప్ గ్రూపు పెట్టండి. భోజనాల లెక్క, హాజరు, యాప్ అప్‌డేట్‌లు వచ్చే గ్రూపులోనే పాఠం గురించి పెడితే సాయంత్రానికల్లా అది కిందికి కొట్టుకుపోతుంది. ఈ రెండో గ్రూపులో "గుడ్ మార్నింగ్" బొమ్మలు రాకుండా చూసుకోవడం కూడా ఒక పనే, మొహమాటపడొద్దు.

## 4. మీటింగ్ రోజు: గడియారం ముందే పంచుకోండి

మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు అనుకుంటే ఈ క్రమం నడుస్తుంది:

- 1:00 – 1:15: పోయిన నెల అనుకున్నది ఎవరు చేశారు, ఏం కనబడింది
- 1:15 – 1:30: ఒక పేజీ సమాచారంపై సందేహాలు మాత్రమే
- 1:30 – 2:30: పిల్లల పేపర్ల పరిశీలన
- 2:30 – 3:15: డెమో పాఠం, చర్చ
- 3:15 – 3:25: టీ
- 3:25 – 4:15: సిలబస్ సమీక్ష
- 4:15 – 4:40: వచ్చే నెల పాఠం కలిసి రాసుకోవడం
- 4:40 – 5:00: ఎవరు ఏం చేస్తారో రాసి చదవడం

ఈ వరుస మార్చొద్దు, ముఖ్యంగా మొదటి పావుగంట. పోయిన నెల పని అడగకుండా కొత్తది మొదలుపెడితే, ఇక్కడ ఒప్పుకున్నది ఎవరూ అడగరని రెండు మీటింగ్‌లలో అందరికీ అర్థమైపోతుంది.

పేపర్ల పరిశీలన టీ తర్వాతకు నెట్టొద్దు. నాలుగు దాటాక తెనాలి బస్సు, మంగళగిరి ఆటో అందరి కళ్లముందూ కదులుతుంటాయి. బుర్ర పెట్టాల్సిన పని ముందే అయిపోవాలి.

## 5. పేపర్ల పరిశీలన: తప్పులను జాతులుగా విడదీయండి

మీటింగ్ మొత్తంలో అసలు పని ఇదే. నలుగురైదుగురు టీచర్లకు ఒక బల్ల, బల్లకు 25 నుంచి 30 పేపర్లు ఇవ్వండి. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడాలి. తర్వాత పేపర్లను మార్కుల ప్రకారం కాక, తప్పు రకాన్ని బట్టి కుప్పలు పెట్టాలి.

402 – 178 తీసుకోండి. సరైన జవాబు 224. పిల్లల పేపర్లలో తరచూ కనబడేవి మూడు:

376 వచ్చింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశాడు: 8లోంచి 2, 7లోంచి 0, 4లోంచి 1. పై సంఖ్యలోంచి కింది సంఖ్య తీయాలన్న భావనే ఇంకా లేదు. వీడికి అంకెల లెక్క ఆపి పుల్లల కట్టలు చేతికివ్వాలి. 12 – 8 లాంటి చిన్నవాటితో మొదలుపెట్టి, పది పుల్లల కట్ట విప్పక తప్పని పరిస్థితి తేవాలి.

324 వచ్చింది. ఒకట్లు, పదులు సరిగ్గానే చేశాడు. పదుల్లో సున్నాను 9 చేశాడు, కానీ వందల్లో 4ను 3 చేయడం మరిచాడు. కట్టలు తెలుసు, రాతలో లెక్క తప్పుతోంది. 402ను 3 వందలు, 9 పదులు, 12 ఒకట్లుగా తీసివేతకు ముందే పైన రాయించాలి. పది లెక్కలు అలా రాయిస్తే చాలామందిలో సర్దుకుంటుంది.

234 వచ్చింది. వందను విప్పి పదుల్లో 10 పెట్టాడు, అందులోంచి ఒక పది ఒకట్లకు ఇచ్చిన సంగతి మరిచాడు. పుల్లలతో ఒకసారి, పక్కనే రాతలో ఒకసారి, రెండూ ఒకేసారి చేయించాలి. కట్ట కదిలినప్పుడల్లా అంకె మారాలి.

ముగ్గురికీ పడేది సున్నా మార్కే. చెప్పాల్సిన పాఠాలు మాత్రం మూడు. "తీసివేత మళ్లీ చెప్పండి" అని తీర్మానం రాస్తే మొదటి రకం పిల్లవాడికి రెండో రకం మందు పడుతుంది.

తెలుగు చదవడంలోనూ ఇదే పద్ధతి. చదివించేటప్పుడు పక్కన ఒక కాపీ పెట్టుకుని, తప్పు చదివిన పదం మీద పిల్లవాడు ఏమన్నాడో అలాగే రాయండి:

- "చక్రం"ను "చకరం" అంటే ఒత్తును విడి అక్షరంగా పలుకుతున్నాడు.
- "గడ్డి"ని "గడి" అంటే ఒత్తును చూడటమే లేదు. గడి–గడ్డి లాంటి జంటలు పక్కపక్కన పెట్టి చదివించాలి.
- "మేడ"ను "మెడ" అంటే దీర్ఘం పట్టుబడలేదు. మెడ–మేడ, పడు–పాడు, కల–కాల.
- "పుట్టగొడుగు" దగ్గర "పుస్తకం" అంటే మొదటి అక్షరం చూసి ఊహిస్తున్నాడు. వేలు పెట్టి అక్షరం అక్షరం కలిపి చదవడం మళ్లీ అలవాటు చేయాలి. వీడికి ఇంకా వేగం గురించి చెప్పొద్దు.

2021లో మొదలైన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూసే జాతీయ కార్యక్రమం) లక్ష్యాల్లో 2వ తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, 3వ తరగతికి కనీసం 60 పదాలు అని ఉంది. తెలుగులో విభక్తి, క్రియ అన్నీ అతుక్కుని పదం పొడుగవుతుంది. "వెళ్లిపోయాడనుకున్నారు" ఒక్క పదమే మరి. అందుకే స్టాప్‌వాచ్ లెక్కతో పాటు, చదివినదాన్లోంచి రెండు ప్రశ్నలు తప్పక అడగండి. వేగంగా చదివి ఏమీ చెప్పలేని పిల్లవాడిని గబుక్కున "చదవగలడు" గడిలో వేసేస్తుంటాం.

కుప్పలు పెట్టాక లెక్క చూడండి. సగం కంటే ఎక్కువ మంది ఒకే తప్పు చేస్తే తరగతి మొత్తానికి మళ్లీ చెప్పాలి. పావు నుంచి సగం అయితే ఆ గుంపును వేరుగా కూర్చోబెట్టి రెండు మూడు పీరియడ్లు. ఒకరిద్దరే అయితే పక్కన కూర్చుని పది నిమిషాలు.

## 6. డెమో పాఠం: 25 నిమిషాలు చాలు

పేపర్లలో దొరికిన ఒక్క తప్పు మీదే డెమో ఉండాలి. రంగురంగుల చార్టులతో ముందే తయారైన "మోడల్ లెసన్" చూడ్డానికి బాగుంటుంది, మర్నాడు ఎవరూ చేయరు. చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, నల్లబల్ల, వీటితో అయ్యే పాఠమే చేయించండి.

వీలైతే నిజమైన పిల్లలు పది మందిని కూర్చోబెట్టండి. పెద్దవాళ్లు పిల్లల్లా నటిస్తే తప్పులు కూడా మర్యాదగానే చేస్తారు.

## 7. తరగతి పరిశీలన: ఏం రాయాలి, ఏం రాయకూడదు

మీటింగ్ అయిన పది రోజుల్లోపు, అనుకున్న మార్పు ఎలా నడుస్తోందో చూడాలి. హెచ్‌ఎం గానీ, సీఆర్‌ఎంటీ గానీ, పక్క బడి సబ్జెక్టు టీచర్ గానీ చూడొచ్చు. ముగ్గురిలో పక్క బడి టీచర్ చూస్తే ఎక్కువ ఫలితం ఉంటుంది, ఎందుకంటే వాళ్లు మళ్లీ తమ తరగతికి ఏదో ఒకటి పట్టుకెళ్తారు.

వెళ్లే ముందు

- రోజు, పీరియడ్ ముందే చెప్పండి. ఆకస్మిక తనిఖీ వేరే పని, దాన్ని దీంతో కలపొద్దు.
- "ఏం చూడమంటారు?" అని టీచర్నే అడగండి. "వెనక బెంచీవాళ్లు వింటున్నారో లేదో చూడండి" అన్నారంటే అదే చూడాలి.

లోపల

- గంట కొట్టక ముందే వెళ్లి వెనక మూల కూర్చోండి. పీరియడ్ పూర్తయ్యేదాకా లేవొద్దు. మొదటి పది నిమిషాలు చూసి వెళ్లిపోతే పరిచయం చూసినట్టే, పాఠం చూసినట్టు కాదు.
- మధ్యలో లేచి టీచర్‌ను సరిదిద్దొద్దు. బోర్డు మీద తప్పున్నా సరే, తర్వాత విడిగా చెప్పాలి.
- ఫొటో తీయాల్సి వస్తే చివర్లో, పిల్లలు పని చేసుకుంటున్నప్పుడు ఒక్కటి.

పేజీని మూడు భాగాలు చేయండి: సమయం, టీచర్ అన్నది లేక చేసింది, పిల్లలు అన్నది లేక చేసింది. ఇలా ఉంటుంది:

10:05 | "402లోంచి 178 పోతే?" | ముందు బెంచీ ఇద్దరు చేతులెత్తారు
10:05 | వెంటనే "చెప్పరా" అని ఒకర్ని లేపారు | "224" అన్నాడు
10:06 | "అందరికీ అర్థమైందా?" | అందరూ "అయ్యింది సార్"
10:07 | తర్వాతి లెక్క బోర్డు మీద | మూడో వరుసలో నలుగురు జవాబు మాత్రమే దించుకున్నారు

"చక్కగా వివరించారు", "తరగతి నిశ్శబ్దంగా లేదు" లాంటివి ఇందులో లేవు చూడండి. అవి మీ అభిప్రాయాలు. వాటికి ఎదురు వాదించొచ్చు, 10:07 వరుసకు వాదన ఉండదు.

ఇంకో కాగితం మీద కూర్చున్న తీరు గీసి, జవాబు చెప్పిన ప్రతి పిల్లవాడి చోట ఒక టిక్ పెట్టండి. పీరియడ్ చివరికి టిక్కులన్నీ ఒకే మూల పోగవుతాయి. ఆ బొమ్మ చూపిస్తే చాలు, ఒక్క మాట అనక్కర్లేదు.

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగారో కూడా మనసులో లెక్కపెట్టండి. సాధారణంగా ఒక సెకను దాటదు. మూడు సెకన్లు ఆగితే కొత్త చేతులు లేస్తాయి, జవాబులు పొడుగవుతాయి. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

చివరి ఐదు నిమిషాల్లో నాలుగు నోటు పుస్తకాలు చూడండి: ముందు నుంచి ఒకటి, మధ్య నుంచి రెండు, వెనక నుంచి ఒకటి. టిక్ కొట్టి సంతకం పెట్టిన పేజీలో తప్పు లెక్క అలాగే ఉందా? ఉంటే అది రాసుకోండి.

## 8. ఫీడ్‌బ్యాక్ మాట: పదిహేను నిమిషాలు, ఒక్క మార్పు

అదే రోజు, లేదంటే మర్నాడు. వారం దాటితే ఇద్దరికీ పాఠం గుర్తుండదు. స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు వద్దు, ఖాళీ తరగతి గది చూసుకోండి.

క్రమం ఇలా:

1. ముందు టీచర్ మాట్లాడాలి. "పాఠం మీరనుకున్నట్టు నడిచిందా మేడం? ఎక్కడ ఆగినట్టు అనిపించింది?"
2. మీ కాగితం ఆయన ముందో ఆమె ముందో పెట్టండి. చదవనివ్వండి. మౌనంగా ఉండటం కష్టమే, అయినా ఉండండి.
3. ఒక్క విషయం తీసుకోండి. ఐదు కనబడినా ఒక్కటే.
4. మార్పు ఏమిటో టీచర్ నోటితోనే రావాలి. రాకపోతే రెండు దారులు చూపించి ఎంచుకోమనండి.
5. ఎప్పుడు చేస్తారు, మళ్లీ ఎప్పుడు చూడాలి, తేదీ రాసుకోండి.

మాట తీరులో తేడా చూడండి.

"పాఠం బాగుంది మేడం. ఇంకొంచెం ఇంటరాక్షన్ ఉంటే బాగుండేది." ఇది విన్నావిడ రేపు ఏం చేయాలి? ఎవరికీ తెలియదు.

"మేడం, మీరు పదకొండు ప్రశ్నలు అడిగారు. తొమ్మిదింటికి ఈ రెండు బెంచీలవాళ్లే చెప్పారు. మీకూ అలాగే అనిపించిందా?" ఇక్కడ మాట మొదలవుతుంది. "అవును సార్, వాళ్లయితే చెబుతారని..." అని ఆవిడే అంటారు. అక్కడి నుంచి, పేర్లు రాసిన చీటీలు డబ్బాలో వేసి తీయడమో, పలకల మీద అందరూ రాసి ఒకేసారి ఎత్తడమో, ఏదో ఒకటి తేలుతుంది.

సీనియర్ స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచర్) తరగతిని సర్వీసులో చిన్నవాడైన సీఆర్‌ఎంటీ చూడాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది తప్పదు. అక్కడ సలహా జోలికే వెళ్లొద్దు. "సార్, మీరు చూడమన్నది రాసుకొచ్చాను" అని కాగితం ఇచ్చి ఆగిపోతే చాలు. లెక్క తెచ్చినవాడి వయసు ఎవరూ అడగరు, తీర్పు చెప్పినవాడి వయసే అడుగుతారు.

ఈ కాగితాలను సర్వీసు విషయాలతో, మెమోలతో కలపకూడదు. ఒక్కసారి కలిపారంటే ఆ మండలంలో ఇంకెవరూ అసలు పాఠం చూపించరు, చూపించడానికి తయారుచేసిన పాఠమే చూపిస్తారు.

పిల్లల నుంచి కూడా

6వ తరగతి నుంచి పైకి నెలకోసారి ఒక చీటీ: ఈ నెల ఏ పాఠం బాగా తెలిసింది? ఎక్కడ ఆగిపోయావు? ఎలా చెబితే ఇంకా తెలిసేది? చేతిరాత పట్టి గుర్తుపడతారని పిల్లలకు భయం ఉంటుంది. అందుకని పాఠాల పేర్లు ముందే రాసిచ్చి సున్నా చుట్టమనండి. మూడో ప్రశ్నకు కూడా నాలుగు జవాబులు ఇచ్చేయండి: నెమ్మదిగా, ఇంకో ఉదాహరణతో, చేసి చూపిస్తే, తెలుగులో చెబితే. చివరిది ఇంగ్లిష్ మీడియం తరగతుల్లో ఎక్కువగా చుట్టి వస్తుంటే కింది 9వ భాగంలో చెప్పిన పరీక్ష పెట్టండి.

## 9. సిలబస్ సమీక్ష: "పూర్తయింది" అన్న మాట నమ్మొద్దు

సమీక్షలో మామూలుగా అడిగేది: "ఎన్ని పాఠాలు అయ్యాయి?" జవాబు: "ఐదు సార్." అయిపోయింది. దీనికి బదులు ప్రతి పాఠానికీ మూడు గడులు పెట్టండి: అనుకున్న పీరియడ్లు, పట్టిన పీరియడ్లు, లఘు పరీక్షలో సగానికి పైగా తెచ్చుకున్న పిల్లల సంఖ్య. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పాఠం చెప్పినట్టే గానీ, వచ్చినట్టు కాదు.

పీరియడ్లు నిజంగా ఎన్ని ఉన్నాయో ముందు లెక్కగట్టండి

విద్యా హక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకు కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు. 6 నుంచి 8 వరకు 220 రోజులు, 1000 గంటలు. వారానికి ఆరు గణితం పీరియడ్లంటే 7వ తరగతికి కాగితం మీద 220. అందులోంచి తీసేయండి: పరీక్షల రోజులు, కాంప్లెక్స్ మీటింగ్ పూటలు, ఆటల పోటీలు, జాతీయ పండుగల రిహార్సళ్లు, మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడుల్లో కుదించుకుపోయే పీరియడ్లు. 170 మిగిలాయనుకుంటే 145కే పాఠాలు సర్దండి. 25 మళ్లీ చెప్పడానికి ఉంచాలి.

మన దగ్గర రెండు విషయాలు ప్రత్యేకంగా చూసుకోవాలి. గుంటూరు జిల్లాలో ప్రత్తిపాడు, మేడికొండూరు లాంటి మిరప మండలాల్లో కోతల రోజుల్లో పెద్ద పిల్లల హాజరు పలచబడుతుంది. కొత్త, కష్టమైన అంశాన్ని ఆ వారాల్లో మొదలుపెట్టొద్దు, అభ్యాసానికి వాడుకోండి. విజయవాడలో వాన. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఇళ్లే నీళ్లలో ఉన్నాయి, ఇక బడి సంగతి చెప్పేదేముంది. అలాంటి విరామం తర్వాత ఆగిన చోటి నుంచి మొదలుపెట్టకూడదు. ఒక రోజు పాత అంశంపై చిన్న పరీక్ష పెట్టి, ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో చూసుకోవాలి. నగరంలో దసరా రోజుల్లో కనకదుర్గ గుడి కొండ చుట్టుపక్కల రాకపోకల రద్దీ తెలిసిందే, ఆ దగ్గర్లో మీటింగ్ తేదీ పెట్టకండి.

పాఠాలను నాలుగు రకాలుగా గుర్తుపెట్టండి

- అలాగే: అనుకున్న పీరియడ్లలో అయ్యింది, పిల్లలకు వచ్చింది.
- మళ్లీ: అయ్యింది, రాలేదు.
- కుదించు: ముందు తరగతిలో వచ్చేసినదే, ఎక్కువ పీరియడ్లు అనవసరం.
- వరుస మార్చు: దీనికి ముందు ఇంకో పాఠం తెలియాలి.

చివరి రకంలో జాగ్రత్త. పరీక్షకు ఏ పాఠాలు పెడతారో చూసుకున్నాకే వరుస మార్చాలి. ఆ పరీక్ష దాటకుండా లోపల మార్చుకుంటే ఇబ్బంది లేదు.

భాష అడ్డమా, విషయం అడ్డమా?

మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. ఒకే మాటల లెక్కను సగం మందికి ఇంగ్లిష్ పేజీ నుంచి, సగం మందికి తెలుగు పేజీ నుంచి ఇవ్వండి. మూడు రోజుల తర్వాత అంకెలు మార్చి, భాషలు అటూ ఇటూ చేసి ఇవ్వండి. తెలుగులో చేసి ఇంగ్లిష్‌లో వదిలేస్తే సమస్య గణితం కాదు: "altogether", "left" లాంటి మాటల తెలుగు అర్థం పాఠానికి ముందే బోర్డు మీద రాయించాలి. రెండింటిలోనూ వదిలేస్తే విషయమే రాలేదు. ఇల్లు తెలుగు కాని పిల్లలున్న చోట, ఉర్దూ సెక్షన్లున్న చోట, ప్రశ్నను నోటితో వాళ్ల భాషలో చెప్పించి మూడో లెక్క కూడా తీయాలి.

## 10. పైకి పంపే సూచన ఎలా ఉండాలి

పుస్తకంలో మాట మార్చే అధికారం కాంప్లెక్స్‌కు లేదు, అది ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు చూసే సంస్థ) పని. కాంప్లెక్స్ చేతిలో ఉన్నవి వేగం, ఉదాహరణలు, అభ్యాసాలు. అందుకే "సిలబస్ ఎక్కువగా ఉంది" అని ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా ఎన్నిసార్లు పంపినా ఫైల్లోనే ఉంటుంది. ఇలా పంపండి:

- తరగతి, సబ్జెక్టు, పేజీ నంబరు
- ఉన్న వాక్యం లేక లెక్క, ఉన్నది ఉన్నట్టు
- ఇబ్బంది ఏమిటి (అచ్చుతప్పు, రెండు భాషల్లో తేడా, ముందు రావాల్సినది తర్వాత రావడం)
- ఎన్ని బడుల్లో, ఎంతమంది పిల్లల్లో కనబడింది
- మీరు సూచించే మార్పు, పూర్తి వాక్యంగా

నెలకు రెండు సూచనలకు మించొద్దు.

## 11. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ఇద్దరే మాట్లాడుతున్నారు. పెద్ద చర్చ పెట్టకండి. మూడు నిమిషాలు ఎవరికి వారు రాయాలి, తర్వాత పక్కవారితో, ఆ తర్వాతే అందరితో.

"మా బడి పిల్లలు వేరు సార్." పేర్లు లేని పేపర్లు బల్ల మీద పెట్టి తమ బడివి ఏరమనండి. చాలామంది ఏరలేరు. ఆ మాట అక్కడితో ఆగుతుంది.

మినిట్స్‌లో "చర్చించడమైనది" తప్ప ఏమీ లేదు. ఆ మాటే వాడొద్దని నియమం పెట్టుకోండి. ప్రతి వరుసలో పేరు, పని, తేదీ ఉండాలి. మూడింట్లో ఏది లేకపోయినా ఆ వరుస కొట్టేయండి.

మార్పు రెండు వారాల తర్వాత ఆగిపోయింది. మార్పు పెద్దదై ఉంటుంది. "కృత్యాధార బోధన (పిల్లలతో పనులు చేయిస్తూ చెప్పడం) చేస్తాను" అన్నది నిలవదు. "ప్రశ్న వేశాక మూడు లెక్కపెడతాను" అన్నది నిలుస్తుంది.

బహుళ తరగతి బడి టీచర్‌కు పరిశీలనకు వెళ్లే వీలే లేదు. ఆ టీచరే తన పాఠంలో పది నిమిషాలు ఫోన్‌లో ఆడియో రికార్డు చేసుకుని, తానడిగిన ప్రశ్నలు లెక్కపెట్టుకుని తెస్తే సరిపోతుంది. అది బయటికి పంపనక్కర్లేదు, విన్నాక చెరిపేయొచ్చు.

పరిశీలన వద్దంటున్నారు. బలవంతం చేయకండి. ముందు కాంప్లెక్స్ హెచ్‌ఎం తన తరగతికే వాళ్లను పిలిచి, పెన్ను కాగితం ఇచ్చి రాయమనాలి. ఆ కాగితం మీద ఫీడ్‌బ్యాక్ అందరి ముందూ తీసుకోవాలి.

## 12. గోడకు అంటించుకునే చెక్‌లిస్టు

మీటింగ్ ముందు
- ☐ సమస్య ఒక వాక్యంలో రాశాం
- ☐ అన్ని బడుల నుంచి పేర్లు లేని పేపర్లు వచ్చాయి
- ☐ ఒక పేజీ సమాచారం మూడు రోజుల ముందే గ్రూపులో పెట్టాం
- ☐ డెమో టీచర్‌కు సామాను చెప్పాం: పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, సుద్దముక్కలు

మీటింగ్‌లో
- ☐ పోయిన నెల పనులు పేరు పేరునా అడిగాం
- ☐ తప్పులను కుప్పలు పెట్టాం, ఏ కుప్పకు ఏ పాఠమో రాశాం
- ☐ మూడు గడుల సిలబస్ పట్టిక నింపాం
- ☐ ప్రతి టీచర్ ఒక్క మార్పు, తేదీతో చదివారు

మీటింగ్ తర్వాత పది రోజుల్లో
- ☐ తేదీ చెప్పి తరగతి చూశాం, పీరియడ్ అంతా ఉన్నాం
- ☐ మర్నాటిలోపు పదిహేను నిమిషాలు కూర్చున్నాం
- ☐ అదే 5 లెక్కల పరీక్ష అంకెలు మార్చి మళ్లీ పెట్టాం
- ☐ ఆ పేపర్లు వచ్చే మీటింగ్ సంచిలో పెట్టాం